ఒక్క బకెట్టు, నాలుగు చక్రాలు

కిందటి ఏడాది ఏప్రిల్ నెల. అనంతపురం నుంచి గార్లదిన్నె వైపు పోయే రోడ్డు పక్కన నా కార్ వాష్ షెడ్డు. రేకుల కప్పు, సిమెంటు గచ్చు, కూర్చోవడానికి ఒక బల్ల, అంతే. మా ఆయన నడుము దెబ్బతిని లారీ మానేసినప్పటి నుంచి మా ఇంటికి అదొక్కటే ఆధారం. ఆడమనిషి కార్లు కడగడమేమిటని మొదట్లో ముక్కు మీద వేలేసుకున్నవాళ్ళే ఇప్పుడు తమ కార్లు నా దగ్గరికి తెస్తారు.

ఆ నెలలో మా కాలనీ బోరు ఎండిపోయింది. ట్యాంకర్ వస్తే చాలు, బిందెల దగ్గర జుట్లు పట్టుకునే పరిస్థితి. నేను ప్రెషర్ గన్నుకు, అంటే నీళ్ళను జోరుగా కొట్టే యంత్రానికి, గోనెసంచి కప్పి మూలకు నెట్టేశాను. కారు మొత్తం కడగడం మానేసి చక్రాల పని మాత్రమే పెట్టుకున్నాను. దానికి నీళ్ళు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. అయితే రోడ్డు మీద పోయేవాళ్ళకు బోర్డు మీద కార్ వాష్ అన్న మాటే కనిపిస్తుంది కదా.

ఒకరోజు మధ్యాహ్నం ఓబులేసన్న తన తెల్ల కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఆయన మా కాలనీకి పెద్ద. పొలాలున్న కుటుంబం, నాయకుల వెంట తిరిగే మనిషి, భుజం మీద ఇస్త్రీ చేసిన తెల్ల తుండు లేకుండా గడప దాటడు. లేపాక్షి పోయి అప్పుడే తిరిగొస్తున్నాడు. ఆయన్ని చూసి కాలనీవాళ్ళు కొందరు వచ్చి చేరారు. మా పక్కింటి హనుమక్క కూడా వచ్చింది. గేదెలు పెంచి పాలమ్మే మనిషి ఆమె.

"సరోజా, తాగేకి నీళ్ళు లేవు, నువ్వు కార్లు కడుగుతాండావు. వానలొచ్చేదాకా షెడ్డు మూసెయ్. అందరం అనుకున్నాం" అన్నాడు ఓబులేసన్న.

"నన్ను పిలవకుండా యాడ అనుకున్నారన్నా అందరూ?"

"నిన్ను పిలిచేదేముండాది ఇందులో?"

నాకు ఒళ్ళు మండింది. షెడ్డు మూస్తే మా పొయ్యి ఆరిపోతుంది. ఆ సంగతి ఆ నిలబడ్డవాళ్ళందరికీ తెలుసు.

"నేను వాడేది నా వంతు ట్యాంకర్ నీళ్ళే. ఒక్క బకెట్టుతో నాలుగు చక్రాలు కడుగుతా. మీ వాకిలి కడిగేకి ఎన్ని బకెట్లు పోస్తారో అది చెప్పు ముందు" అన్నాను.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఓబులేసన్న మొహం ఎర్రబడింది.

"ఒక్క బకెట్టా? అయితే నా కారే కడుగు. రెండో బకెట్టు ముట్టినా, చక్రాల మీద మసి మిగిలినా, ఈ పొద్దే తాళం ఎయ్యల్ల."

"ఏస్తా. మసి పోయిందంటే మల్ల నా షెడ్డు జోలికి రాకూడదు."

అందరి ముందూ సరే అన్నాడు.

ఆ మసి సంగతి కాస్త చెప్పాలి. బ్రేకు తొక్కినప్పుడు బ్రేక్ ప్యాడ్ అనే దిమ్మ డిస్క్ అనే ఇనుప పళ్ళేన్ని ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడికి సన్నటి పొడి రాలి చక్రానికి అంటుకుంటుంది. దాన్నే బ్రేక్ డస్ట్ అంటాం. వేడికి అది చక్రం రంగులోకి దిగుతుంది, తేమ తగిలితే తుప్పు పడుతుంది. ఓబులేసన్న బ్రేకు మీద కాలు తీయకుండా కారు నడిపే రకం. ముందు చక్రాలు నశ్యం డబ్బాలో పడి లేచినట్టున్నాయి.

పెయింటు డబ్బాతో చేసుకున్న నా బకెట్టు నిండా నీళ్ళు పట్టి అందరికీ చూపించాను. తర్వాత బల్ల మీద కూర్చున్నాను.

"ఏం సరోజా, నాటకాలాడతాండావా?" అని గద్దించాడు ఓబులేసన్న.

"చక్రాలు కాలతాండాయి. కాలే పెనం మీద నీళ్ళు పోస్తే ఏమైతాదో మీ ఇంట్లో అడుగు. చల్లారనీ" అన్నాను.

చక్రం వేడిగా ఉంటే మసి వదిలించే మందు దాని మీదే ఎండిపోయి మరక పడుతుంది. డిస్క్ కూడా వంకర పోవచ్చు. చేత్తో తాకి చూసి, చల్లారిందని నమ్మకం కుదిరాకే లేచాను.

వేరుశనగ చేలో మందు కొట్టే చేతి పంపు లాంటిదే కొత్తది ఒకటి కొనుక్కున్నాను. బకెట్టులో నీళ్ళు దాంట్లో పోసి మంచులా కొడితే దుమ్ము నానుతుంది. ఆ తర్వాత ఐరన్ రిమూవర్ కొట్టాను. ఇనుప పొడిని కరిగించే మందు అది. కాసేపటికి చక్రం మీంచి ఊదా ఎరుపు ధారలు కారడం మొదలైంది.

"మే, రక్తమొస్తాండాది!" అని అరిచింది హనుమక్క.

"రక్తం కాదక్కా, ఇనుము కరిగి కారతాండాది."

మెత్తటి బ్రష్షుతో సందుసందునా తోమి, మళ్ళీ మంచులా నీళ్ళు కొట్టి, గుడ్డతో తుడిచాను. చక్రం కింద బేసిన్ పెట్టి మురికి నీళ్ళు పట్టాను. మా ప్రాంతంలో బియ్యం కడిగిన నీళ్ళు కూడా పారబోయరు. హనుమక్క అలవాటుగా ఆ బేసిన్ ఎత్తుకుని గేదెల తొట్టి వైపు నడిచింది. నేను పరుగెత్తి లాక్కున్నాను. ఆ నీళ్ళు పశువులకూ చెట్లకూ పనికిరావు. పాత డ్రమ్ములో పోసి ఎండకు ఇగరనిస్తాను.

మూడు చక్రాలు అయ్యేసరికి బకెట్టులో ఇంకా నీళ్ళున్నాయి. నాలుగోది, ముందు ఎడమ చక్రం, నన్ను ఏడిపించింది. రెండుసార్లు మందు కొట్టాను. రెండోసారి ఊదా రంగు చుక్క కూడా కారలేదు, అంటే ఇనుప పొడి మిగల్లేదు. అయినా చక్రం బూడిద పూసినట్టే ఉంది.

"చూడండప్పా! మసి అట్లే ఉండాది. తాళం తే" అన్నాడు ఓబులేసన్న, చంకలు గుద్దుకుంటూ.

చక్రాన్ని వేలితో తడిమి చూశాను. నున్నగా లేదు, గుండ్రంగా గీతలు పడి ఉన్నాయి. నట్టు పక్క సందులో ఒక కొబ్బరిపీచు పోగు ఇరుక్కుని ఉంది. దాన్ని లాగి పైకి ఎత్తి పట్టుకున్నాను.

"అన్నా, దీన్ని పీచుతో తోమిందెవరు?"

ఆయన తుండు సర్దుకున్నాడు. హనుమక్క ఊరుకుంటుందా?

"ఇంగెవరు? ఉగాది ముందర చింతపండు, ఇటుకపొడి పెట్టుకొని ఈయనే తోముతాంటే నేను చూసినా. ఇత్తడి చెంబు మాదిరి మెరుస్తాదనుకున్నాడు పాపం! ఒక చక్రానికే చెయ్యి నొప్పెట్టి లేచిపోయినాడు."

అందరూ గొల్లున నవ్వారు. చక్రం రంగు మీద క్లియర్ కోట్ అని గాజులాంటి పొర ఉంటుంది. ఇటుకపొడి దాన్ని గీకేసింది. పొర పోయిన చోట మెరుపు రాదు.

"అదంతా నాకొద్దు. మెరవలేదు, నువ్వు ఓడిపోయినావు" అన్నాడాయన.

"మసి మిగిలితే అన్నావు గానీ మెరవకపోతే అనలేదు. నీ తుండుతోనే తుడిచి చూడు. నల్లగైతే తాళంచెవి నీ చేతిలో పెడతా."

పైకి అన్నాను గానీ లోపల నాకూ భయమే. చేయి దూరని మూల ఎక్కడో ఒక గీత మిగిలి ఉంటే నా బతుకు రోడ్డున పడుతుంది. ఓబులేసన్న చుట్టూ చూశాడు. వెనక్కి తగ్గే దారి లేదు. తుండు తీసి, వంగి, కసిగా సందుల్లోకి వేళ్ళు దూర్చి మరీ తుడిచాడు. తర్వాత విప్పి చూశాడు. తిప్పి కూడా చూశాడు. ఆ తెల్ల తుండునే మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

"ఇంకా పని కాలేదు, కూర్చో అన్నా" అన్నాను.

నాలుగు చక్రాలకూ వీల్ సీలెంట్ పట్టించాను. అది కొత్త మసి అంటకుండా కాపాడే పూత. డిస్క్ మీద పడితే బ్రేకు పట్టదు కాబట్టి గుడ్డకు రాసి, ఆ గుడ్డతో చక్రానికి పూయాలి. గీరుకుపోయిన చక్రానికి రెండు పూతలు వేశాను.

"వారానికోసారి తడిగుడ్డతో తుడువు, చాలు. చింతపండు పులుసులోకి పెట్టుకో" అన్నాను.

బకెట్టు అడుగున మిగిలిన మంచి నీళ్ళను ఈసారి నేనే హనుమక్క చేతికిచ్చాను. ఆమె ఓబులేసన్న ముందు నుంచే వాటిని తీసుకుపోయి గేదెల తొట్టిలో పోసింది.

ఆయన తప్పయిందని ఇప్పటికీ అనలేదు. అనకపోతే పోనీ, కారు మాత్రం నా దగ్గరికే వస్తుంది. కరువు ప్రాంతంలో కార్లు కడిగేవాళ్ళు తల దించుకుని బతకాలని చాలామంది అనుకుంటారు. నేనెందుకు దించాలి? నీటి విలువ నాకొకరు నేర్పాలా? ఎవరు ఏమన్నా వాదనకు దిగకుండా బకెట్టు నింపి ముందు పెట్టడం ఆ రోజు నేర్చుకున్నాను.

ఈ ఏడు కూడా బోరు ఎండిపోయింది. షెడ్డు తెరిచే ఉంది.