డిస్కులోకి ఎక్కిన ఢోలక్

నీలం నగర్‌లో సిద్ధరాములు ఢోలక్ వినని పెళ్లివారు లేరు. పగలు పవర్‌లూమ్ మీద చద్దర్లు నేసేవాడు, సాయంత్రం గోవర్ధన్ ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. దగ్గరలో ప్రోగ్రాం ఉంటే భార్య సుమిత్ర బీడీల చాట పక్కనపెట్టి వినడానికి వెళ్లేది.

1993లో గోవర్ధన్ ముంబై నుంచి శాంప్లర్ అనే మిషన్ తెచ్చాడు. ఏ వాద్యం చప్పుడునైనా అది పట్టుకుంటుంది. తర్వాత కీబోర్డు మెట్టు నొక్కితే ఆ చప్పుడే వినిపిస్తుంది. సిద్ధరాములును మైకు ముందు కూర్చోబెట్టాడు.

"ఒక్కొక్క దెబ్బ ఇడిగ కొట్టు మామా. కలపొద్దు."

"ఒక్క దెబ్బల ఏముంటది సేఠ్?"

"నీ పేరుంటది. మనం పోయినా ఉంటది."

ఆ మాట సిద్ధరాములుకు నచ్చింది. ఢోలక్‌కు కొత్త తోలు వేయించి, మర్నాడు తలస్నానం చేసి మరీ వచ్చి కొట్టాడు.

కరెంటు తీస్తే మిషన్ అన్నీ మరిచిపోయేది. అందుకే చప్పుళ్లను ఫ్లాపీల్లో దాచి, ప్రోగ్రాంలో మళ్లీ ఎక్కించేవారు. ఒక ఫ్లాపీ తీసి ఇంకోటి పెట్టేలోపు జనం ఈలలు వేసేవారు. అప్పుడు గోవర్ధన్ కన్నుసైగ చేస్తే సిద్ధరాములు వాయించి వాళ్లను ఊరుకోబెట్టేవాడు. పాట మొదలైతే మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని, తన దెబ్బలే స్పీకర్లలో వింటూ కూర్చోవాలి.

"సందు నింపేటోన్నయిన" అన్నాడు సుమిత్రతో.

రెండేళ్లకు గోవర్ధన్ డిస్కు డ్రైవ్ కొన్నాడు. అరచేయంత ప్లాస్టిక్ డిస్కు అందులోకి తోస్తే చాలు. ఫ్లాపీలన్నింటి సరుకూ గుక్కెడు నీళ్లు తాగేలోపు ఎక్కేది. ఇక నింపడానికి సందే లేదు.

"రేపటి సంది రాకు మామా. టెంపోల జాగా సాలుతలేదు."

"ఢోలక్ ఒళ్లె వెట్టుకుంట సేఠ్."

గోవర్ధన్ మొహం తిప్పుకుని వైర్లు చుట్టసాగాడు.

సిద్ధరాములు మగ్గాల షెడ్డులో డబుల్ షిఫ్టు పట్టాడు. ఓ పొద్దున పక్క మగ్గం అంబాదాస్ చెవి దగ్గరికొచ్చి అరిచాడు: "నిన్న హోట్గి రోడ్ పెండ్లిల ఏం కొట్టినవే అన్నా!"

"నిన్న నేను ఈడనే ఉంటి కదరా."

"మజాక్ చేస్తున్నవా? నీ చెయ్యి నేను గుర్తువట్టనా?"

ఆ సాయంత్రమే సిద్ధరాములు గోవర్ధన్ ఇంటికి వెళ్లాడు. "ఆ డిస్కు నాకియ్యి సేఠ్."

"డిస్కు నాది, మిషన్ నాది."

"చప్పుడు నాది."

"చప్పుడుకు మాలక్ ఉంటడా మామా?" అని నవ్వాడు గోవర్ధన్.

కొన్నేళ్లు గడిచాయి. గోవర్ధన్ మిషన్ పెట్టుకున్న గది కింద మగ్గాలు ఆడేవి. ఆ దూది నుసి డ్రైవ్‌లోకి చేరి, డిస్కు మీద గీతలు పడి, డ్రైవ్ టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. పాత ఫ్లాపీలు అప్పటికే పాడయ్యాయి. చప్పుళ్లు మళ్లీ పట్టడానికి గోవర్ధన్ ఆటో తీసుకుని సిద్ధరాములు ఇంటికొచ్చాడు.

"పోకు. పిండుకొని పారేసినోని కాడికా?" అంది సుమిత్ర.

అప్పటికే సిద్ధరాములు ఢోలక్ దుమ్ము తుడుస్తున్నాడు. ఆయన్ను చూస్తే ఆమెకు కోపమూ జాలీ కలిగాయి. తనూ ఆటో ఎక్కింది.

మైకు ముందు నాలుగు దెబ్బలు కొట్టగానే గోవర్ధన్ ఆపాడు. "శ్రుతి దిగింది మామా."

సిద్ధరాములు తాళ్లు బిగించి మళ్లీ కొట్టాడు.

"ఇంకా దిగే ఉన్నది. ఇనవడ్తలేదా?"

వినబడలేదు. షెడ్డు రొద చెవులను తినేసిందని సుమిత్రకు తెలుసు. ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఆమె లేచి ఆయన ఒళ్లో నుంచి ఢోలక్ తీసుకుంది. "సాలు. ఇంటికి పోదాం."

గోవర్ధన్‌కు నష్టమేమీ రాలేదు. ఆ చప్పుళ్ల నకలు ఒకటి అంతకుముందే పుణె ఆర్కెస్ట్రాకు ఇచ్చి ఉన్నాడు. నాలుగు రోజులు ఆలస్యమైనా అక్కడి నుంచి తెప్పించుకున్నాడు.

ఆ ఏడు మార్కండేయ రథోత్సవంలో గోవర్ధన్ స్పీకర్ల ట్రక్కు వెనక కుర్రాళ్లు చిందులేస్తున్నారు. సిద్ధరాములుకు అంతా ఒకటే గుయ్యిమంటోంది. వాళ్ల కాళ్ల వంక చూశాడు. పాదం ఎప్పుడు పడుతుందో చూస్తూ ఏ దెబ్బ మోగుతోందో పోల్చుకున్నాడు. అన్నీ తనవే.

"ఇనవడ్తున్నదా?" సుమిత్ర చెవిలో అడిగింది.

"ఎవడో కొడ్తున్నడు" అని ఆయన గుంపులోంచి పక్కకు నడిచాడు.