నీలిబొమ్మ ఉన్న తలుపు

ప్రయాణమంటే నేను ముందురోజు నుంచే నీళ్లు మానేస్తాను. చక్రాల కుర్చీలో తిరిగే ఏ ఆడదాన్ని అడిగినా ఇదే చెబుతుంది. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు పోయాయి కాబట్టి ఈ అలవాటు చాలా పాతది. ఆ రోజు మాత్రం మానలేదు. కృష్ణపట్నం దాటాక సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన రిసార్టుకు ఫోన్ చేసి, కుర్చీ పట్టే బాత్రూం ఉందా అని గుచ్చి గుచ్చి అడిగాను. "ఉంది మేడం, తలుపు మీద బొమ్మ కూడా వేయించినాం" అన్నాడు మేనేజరు. ఆ మాట నమ్మి దారిలో కడుపునిండా కొబ్బరినీళ్లు తాగాను. ఎంత హాయిగా ఉందో.

బొమ్మ నిజంగానే ఉంది. నీలిరంగు కుర్చీలో కూర్చున్న మనిషి. దాని పక్కన తాళం వేలాడుతోంది.

"తాళంచెవి యాడుంది?" అని నా వెంట వచ్చిన మరదలు అడిగింది.

"స్టోరు చూసే అతని కాడుంది అక్కా. నెల్లూరుకు పోయినాడు, వచ్చేస్తా ఉండాడు" అన్నాడు మేనేజరు.

బాత్రూముకూ స్టోరుకూ ఏం సంబంధమో నాకు తట్టలేదు. అప్పటికే పొత్తికడుపు రాయిలా బిగిసింది. మిగతా బాత్రూములకు మెట్లున్నాయి, లోపల కుర్చీ తిరగదు. "ఎత్తుకొని పోతాం మేడం" అంటూ ఇద్దరు పనివాళ్లు ముందుకొచ్చారు. ఎత్తితే కడుపు నలుగుతుంది, నలిగితే ఆగదు.

"నన్ను ముట్టుకోవద్దు. తాళం పగలగొట్టండి."

"ఓనరుగారికి ఒక మాట చెప్పాల మేడం."

ఓనరు ఫోనెత్తలేదు. "మీ ఓనరు చెప్పేదాకా నా కడుపు ఆగదయ్యా" అన్నాను. నా గొంతు విని తీరంలో ఉన్న జనం పోగయ్యారు. చివరికి ఇనుపరాడ్డుతో తాళం విరగ్గొట్టారు.

లోపల పైకప్పు దాకా ప్లాస్టిక్ కుర్చీలు, బీచి గొడుగులు, రంగు డబ్బాలు. ఒక్కొక్కటే బయటికి తెచ్చి వరసగా పేరుస్తున్నారు. "నిదానంగా, గొడుగులు చినుగుతాయి" అని మేనేజరు వాళ్లను హెచ్చరిస్తున్నాడు. మరదలు కొంగు దోపుకుని తనూ డబ్బాలు మోసింది. నేను పళ్లు బిగబట్టి కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. ఇంకో నాలుగు గొడుగులున్నాయనగా తొడల కింద వెచ్చగా పాకింది. ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

"రండి మేడం, ఖాళీ చేయించినా" అన్నాడు మేనేజరు చెమట తుడుచుకుంటూ.

ముదురు రంగు చీర. మరదలితో సహా ఎవరూ గమనించలేదు. లోపలికి వెళ్లి, తలుపేసుకుని, కాసేపుండి వచ్చేయొచ్చు. పెద్దమనిషి తరహాగా అలాగే చేద్దామని చక్రం మీద చెయ్యి కూడా వేశాను. వేసి, తీసేశాను.

"ఇంక అక్కర్లేదు నాయనా, కుర్చీలోనే అయిపోయింది" అన్నాను, అందరికీ వినబడేలా. "ఒక బకెట్టు నీళ్లు తెప్పించు."

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే సముద్రం వైపు తల తిప్పుకున్నారు. మేనేజరు కూడా తిప్పుకోబోయాడు.

"నువ్వు ఇటు చూడు" అన్నాను.