తంబుర మీద మిగిలిన అమ్మ వేళ్లు

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది. ఒక్క మాట కూడా మెత్తబరచొద్దని చెప్పాను.

మా నాన్నగారు కీర్తనలు కట్టేవారు. ఆయన పేరిట ఉత్తరాదిన మేముండే వైశాలిలో రెండు గదుల మ్యూజియం పెట్టారు. నాకు తెలిసి మా అమ్మ ఫోటో లోకంలో ఒక్కటే ఉంది, అదీ నాన్నగారి పక్కన కూర్చున్నది. మ్యూజియం వాళ్లను నమ్మి దాన్నిచ్చాను. ఈ రోజు వెళ్లి చూస్తే ఫ్రేములో నాన్నగారొక్కరే ఉన్నారు. పక్కన తంబుర, దాని తీగల మీద అమ్మ వేళ్లు. ఆవిడ ముఖం లేదు.

మ్యూజియం నడిపేది నాన్నగారి శిష్యుడి కొడుకు.

"మా అమ్మ ఏదయ్యా?" అన్నాను.

"ఫ్రేమ్ చిన్నదైంది ఆంటీ. ఫ్రేమ్‌వాలా భయ్యా కట్ చేసేశాడు. ఇది గురువుగారి మ్యూజియం కదా."

"కోసిన ముక్క ఇవ్వు."

"అది చెత్తలో పోయింది ఆంటీ. సారీ."

"మరి వేళ్లెందుకు వదిలారు?"

"తంబురను కోస్తే బాగుండదని."

ఫోటో కింద 'తన తంబురతో స్వరకర్త' అని రాశారట, నాతో వచ్చిన మనవరాలు చదివింది. నాన్నగారు ఏనాడూ తంబుర ముట్టలేదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి శ్రుతి వేస్తేనే ఆయనకు పల్లవి పుట్టేది.

నాన్నగారిని ఎరిగినవాళ్లు మీ ఇళ్లలోని పాత పెళ్లి ఫోటోలు ఒకసారి వెతకండి. ఆయన ఆ పెళ్లిళ్లలో పాడుతుంటే వెనక తంబుర పట్టుకుని కూర్చున్నావిడే మా అమ్మ. ముఖం మసకగా ఉన్నా సరే, మా మనవరాలికి పంపండి.