పోస్టుమాస్టరు శాంతను అడిగిన రోజు

నా ట్రంకుపెట్టె అడుగున పాత గుడ్డలో చుట్టిన వాలుగ చేప దవడ ఎముక ఒకటి ఉంది. మొన్న పెట్టె దులుపుతూ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చేప వాసన ఎప్పుడో పోయింది. పత్తి వాసన పోలేదు, ఎండలో ఆరిన పొడి వాసన. ఆ ఎముకకున్న సన్నని పళ్లతోనే మా పొందూరులో ఆడవాళ్లం పత్తి దువ్వి, రాట్నం మీద నూలు తీసేవాళ్లం. ఆ వాసన వెంటే ఒక గొంతు కూడా వచ్చింది. సూరమ్మ పిన్ని గొంతు.

పిన్ని అంటే చుట్టం కాదు, పక్కింటావిడ. ఐదో తరగతి దాకా చదివింది. మా వీధి ఆడవాళ్లలో చదువొచ్చింది ఆవిడ ఒక్కదానికే. అరవైల చివర సంగతి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. పెళ్లయిన మూడేళ్లకే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేశాను. అక్షరం ముక్క రాదు. మధ్యాహ్నం తిండి తిని పిన్ని వసారాలో ఎనిమిది మందిమి రాట్నాలు వేసుకుని కూర్చునేవాళ్లం. గురువారం వారపత్రిక వచ్చేది. ఆ రోజు పిన్ని రాట్నం పక్కకి జరిపి సీరియల్ చదివేది. ఆవిడ వంతు నూలు మేమే తలా కాస్త వడికి పెట్టేవాళ్లం. అది మా ఒప్పందం.

ఆ కథలో హీరో హీరోయిన్లు వేరే ఉన్నారు. వాళ్ల పేర్లు ఇప్పుడు గుర్తు లేవు, అప్పుడూ పట్టించుకోలేదు. మా ప్రాణమంతా హీరో వదిన శాంత మీదే. చిన్నవయసులోనే మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఆ ఊళ్లో ఒంటరిగా ఉండే పోస్టుమాస్టరు ఒకాయన. శాంత పోస్టాఫీసు కిటికీ దగ్గరికి వస్తే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు, చేతిలో కార్డుకి ముద్ర వేయడం మరిచిపోయేవాడు.

"ఈ వారమైనా అడుగుతాడేటి పిన్నీ?" అనేది ఎదురింటి గౌరి.

"అడగడు. ఆడు పిరికోడు," అనేదాన్ని నేను.

"నువ్వు నోరు ముయ్యే! ఆయన సూపు ఎలగున్నాదో నీకేటి తెలుసు?" అని నా మీదకి వచ్చేది, తాను వెళ్లి చూసొచ్చినట్టు.

వాళ్లిద్దరికీ మేం పెళ్లి మాటలు కూడా కానిచ్చేశాం. శాంత అత్తను ఎవరు ఒప్పించాలని రెండు జట్లుగా తగువులాడుకున్నాం. నేను పైకి వెక్కిరించేదాన్ని గానీ, గురువారం కోసం చచ్చేదాన్ని. మా ఇంట్లో శుభకార్యమైతే నన్ను వెనక గదిలో కూర్చోమనేవారు. శాంతకైనా జరగాలనుకునేదాన్ని. అలా ఎందుకు అనుకున్నానో నాకప్పుడు తెలియదంటే అబద్ధం. తెలుసు.

వారం ఆగలేక ఒకనాడు, "నాకు అచ్చరాలు నేర్పు పిన్నీ, పాత పత్రికలైనా సదూకుంటాను," అన్నాను.

"నేర్పితే నన్నే తిడతావే గుంటా."

"ఎందుకు తిడతాను?"

పిన్ని పత్తి దువ్వే చెక్క మీద దువ్వగా రాలిన నూగు పరిచి, నా వేలు పట్టుకుని దిద్దించింది. ఏడాది పట్టింది. తప్పు రాస్తే ఊదేసేది, మళ్లీ రాయమనేది.

అప్పుడు పాత పత్రికలన్నీ తెచ్చుకుని, అక్షరం కింద వేలు పెట్టి పది రోజులు చదివాను. శాంత ఉంది. పోస్టుమాస్టరు ఒక్కచోటే ఉన్నాడు. "ఉత్తరాలేమీ రాలేదమ్మా" అన్నాడు, అంతే. కళ్లజోడు లేదు, చూపు లేదు. ఒళ్లు మండిపోయి పత్రికల కట్ట ఆవిడ ముందు పడేశాను.

"ఏటిది? ఇన్నాళ్లూ మమ్మల్ని ఎర్రోళ్లని సేసినావా?"

పిన్ని రాట్నం ఆపలేదు. "మొదట ఊరికే ఒక ముక్క కలిపినాను. ఆ రోజు నువ్వు నవ్వినావు. నీ మొగుడు పోయినాక నువ్వు నవ్వడం అదే సూడ్డం. మళ్లీ వారం ఎలగ మానీమంటావు?"

"మరి అచ్చరాలెందుకు నేర్పినావు? దొరికిపోతావని తెలీదా?"

"తెలుసు. నాకు కళ్లు మసకలొస్తన్నాయి. రేపు ఎవులో ఒకరు సదవాల కదా."

నేను ఆ వసారా ఎక్కడం మానేశాను. మూడో గురువారం గౌరి పరుగెత్తుకొచ్చింది. "ఆఖరి వారమంట. పిన్నికి అచ్చరం ఆనడం లేదు. రాయే!"

వెళ్లాను. చదివాను. చివరి పేజీ చివరి వరసలో శాంత అత్తతో కాశీ రైలెక్కి వెళ్లిపోయింది. ఆ వరస నోటిదాకా వచ్చి ఆగిపోయింది. రాట్నాలన్నీ ఆగాయి. నాకు ఉన్నది ఉన్నట్టు అనడమే వచ్చు, దానికి తిన్న తిట్లు తక్కువేం కాదు. పిన్ని నా వైపు ముఖం తిప్పింది. పేజీ తిప్పాను. వెనక తలనూనె ప్రకటన ఉంది. దాన్ని చూస్తూ చదివాను: శాంత రైలెక్కబోతుంటే పోస్టుమాస్టరు వచ్చాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. "వెళ్లకండి. నాతో ఉంటారా?" అని అడిగాడు.

"సూసినావా! నాను సెప్పలేదేటి!" అని గౌరి నా వీపు మీద గుద్ది, కళ్లు తుడుచుకుంది.

"బాగా సదివినావే గుంటా," అంది పిన్ని, అంతే.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆ తరవాత వీధిలో అందరి ఉత్తరాలూ, ఆఫీసు కాగితాలూ నేనే చదివిపెట్టాను, ఒక్క ముక్క కలపకుండా. నన్ను మళ్లీ పెళ్లి మాట ఎవరూ అడగలేదు. శాంతను మాత్రం అడిగాడు. ఆ పేజీ చదివింది నేనే.