గుండుసూదుల డబ్బా

మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా అని వీధిలో అందరూ ఎగతాళి చేస్తారు గానీ, టైలరు నోట్లో ఉండేవి ముత్యాలు కావు, గుండుసూదులు. ఇరవై రెండేళ్లుగా వాటిని పెదాల మధ్య పట్టుకునే పనిచేస్తున్నాడు. భార్య ఏమడిగినా జవాబు "ఊ" ఒక్కటే. నర్సుగా చేసే ఆవిడకు విదేశంలో ఉద్యోగం ఖాయమయ్యాక ఇద్దరూ ఫ్రెంచి క్లాసులో చేరారు. అప్పట్నుంచి రోజూ ఉదయం కాఫీ వేళకు మిషను ఆపి, సూదులు డబ్బాలో వేసి, మెడలో టేపు వేలాడుతుండగానే బడిపిల్లాడిలా నిటారుగా కూర్చుంటాడు. క్లాసు పుస్తకంలో ఉన్నట్టే "ఎలా ఉన్నావు?" అని ఆయన ఫ్రెంచిలో అడగాలి. "బాగున్నాను" అని ఆవిడ అనాలి. నెల రోజులుగా ఈ ముక్క పొల్లు పోకుండా నడుస్తోంది.

ప్రయాణం వారం రోజులుందనగా ఆయన అలాగే అడిగాడు. ఆవిడ గ్లాసు వంకే చూస్తూ ఉండిపోయింది. మర్చిపోయిందనుకుని పుస్తకం ఆవిడ వైపు జరిపాడు.

"గుర్తుందండీ," అంది ఆవిడ తెలుగులో. "బాగోలేను. అక్కడ నా వల్ల అవుతుందో లేదోనని భయంగా ఉంది. మీరు అడుగుతారేమోనని చూశాను."

"రోజూ అడుగుతూనే ఉన్నాగా."

"అది పుస్తకం అడిగింది."

ఆయన చెయ్యి అలవాటుగా సూదుల డబ్బా మీదికి పోయింది. కానీ మూత బిగించి, డబ్బాను బల్ల చివరికి నెట్టేశాడు.

"ఇప్పుడు నేనడుగుతున్నా," అన్నాడు. "చెప్పు."