నాయన కాళ్లు, కొసరు ముద్ద

మా నాయన ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి చెప్పు లేకుండా నడిచి ఇంటికి వచ్చిన రోజు మార్కాపురం అంగళ్ల వీధి అంతా నవ్వింది. ఎడమకాలి చెప్పు దుకాణం మెట్ల దగ్గరే జారిపోయింది. ఆయనకు తెలియలేదు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, నేల పెనంలా కాలుతున్న వేళ. పక్క దుకాణంలో బెల్లం అమ్మే మామ ఆ చెప్పును చేత్తో పట్టుకుని వెనకాలే వచ్చాడు.

"ఏంది బావా, చెప్పులు గూడా విడివిడిగా అమ్ముతుండావా?"

నాయన కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నన్ను మేనత్త కొడుక్కిచ్చి ఊళ్లోనే, పక్క సందులోనే ఉంచారు కాబట్టి రోజూ ఒకసారి పుట్టింటికి పోయేదాన్ని. ఆ వేళకు అక్కడే ఉన్నాను. నాయన కూర్చున్నాక పాదం తిప్పి చూశాను. అరికాలు బొబ్బలెక్కింది. వేలితో నొక్కాను.

"నొప్పి లేదా నాయనా?"

"యాడి నొప్పే? కొన్నాళ్లుగా దూది మీద నడిచినట్ల ఉండాది. మంచిదే గదా."

అమ్మ వంటింట్లోంచి, "వయసు మీద పడినాది. ఇంకేముంది" అంది. బెల్లం మామ కూడా వయసే అన్నాడు. మా ఆయనా అదే మాట అన్నాడు. నాయనకు యాభై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు.

నేను పుట్టింది దుకాణాల మధ్య. ఎవరైనా ఒక ధర చెబితే అది ధర కాదు, మాటలు మొదలుపెట్టడానికి ఒక చోటు అని ఉగ్గుపాలతోనే నేర్చుకున్నాను. ఆకుకూరల ఆమె నన్ను దూరం నుంచి చూసి వేరే సందులోకి మళ్లేది. గుళ్లో తీర్థం పోస్తే ఇంకో ఉద్ధరిణె అడిగే రకాన్ని. కొనే పని లేకపోయినా ధర తగ్గించి వచ్చేదాన్ని, చెయ్యి మొద్దుబారకుండా. అలాంటి దానికి అందరూ కలిసి 'వయసు' అని ఒకటే ధర చెప్పారు. నేను ఒప్పుకోలేదు.

అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం మొదలై కొన్నాళ్లయింది. గిద్దలూరులో ఒక డాక్టరు కాళ్లు పడిపోయినవాళ్లను బాగా చూస్తాడని విన్నాను. జట్కాలో స్టేషనుకు, అక్కణ్ణుంచి రైలులో నాయనను తీసుకుపోయాను. రైలు ఎక్కేటప్పుడు ఆయన కాలు మెట్టు మీద ఆనిందో లేదో చూసుకుని మరీ ఎక్కాడు. కళ్లతో చూస్తే తప్ప తన పాదం ఎక్కడుందో ఆయనకు తెలియడం లేదని నాకు అక్కడ అర్థమైంది.

డాక్టరు నాయనను గొంతుక్కూర్చోమన్నాడు. కూర్చున్నాడు. చేతులు ఆనించకుండా లేవమన్నాడు. లేవలేకపోయాడు. బియ్యం మూటను భుజాన వేసుకుని నవ్వుతూ నడిచిన మనిషి, ఆస్పత్రి నేల మీద కూర్చుని నా వైపు చూశాడు. ఆ చూపు చాలు నాకు. ఇక ఇందులో వెనక్కి తగ్గేది లేదనుకున్నాను.

డాక్టరు మోకాలి కింద చిన్న రబ్బరు సుత్తితో కొట్టాడు. కాలు కదల్లేదు. "ఏం బియ్యం తింటారు శెట్టిగారూ?" అని అడిగాడు.

నాయన ముఖం విప్పారింది. అది ఆయన సొంత సబ్జెక్టు. "కంభం చెరువు కింద పండిన వడ్లు సార్. మరలో రెండుసార్లు పాలిషు పట్టిస్తాం. మల్లెమొగ్గలే. మా బజారులో మర బియ్యం మొదట తెచ్చినోణ్ణి నేనే."

"కడుగుతారా?"

"నీళ్లు తేటగా వచ్చేదాకా. మా ఇంటిది ఆ విషయంలో గట్టిది."

"గంజి?"

"వార్చేస్తాం సార్. బర్రెకు పోస్తాం."

"తవుడు?"

"అదీ బర్రెకే."

డాక్టరు సుత్తి బల్ల మీద పెట్టాడు. తర్వాత, "ఈసారి వచ్చేటప్పుడు బర్రెను తోలుకురండి. దాని కాళ్లు బ్రహ్మాండంగా ఉండి ఉంటాయి" అన్నాడు.

జబ్బు పేరు బెరిబెరి అని చెప్పాడు. గింజ పైపొరలో విటమిన్ అనేది ఒకటి ఉంటుందట. మర దాన్ని ఒలిచేస్తుంది, కడుగు నీళ్లు కొంత, గంజి కొంత పట్టుకుపోతాయి. మిగిలింది తెల్లగా ఉంటుంది, కడుపు నింపుతుంది, అంతే. నాయన వదల్లేదు.

"ఆ ఇటమిను కంటికి కనపడుతుందా సార్?"

"కనపడదు."

"తూకానికొస్తుందా?"

"మీ త్రాసు మీద రాదు."

"అట్లాంటి సరుకు నేనెప్పుడూ కొనలేదు సార్."

డాక్టరుకు మా వ్యాపారం అర్థమైనట్టుంది. "ఇది సరుకు కాదు శెట్టిగారూ, హమాలీ" అన్నాడు. "మీరు తినే అన్నం బండ్ల మీద వచ్చే మూటలు. దాన్ని దించి, విప్పి, ఒంటికి సత్తువగా మార్చడానికి హమాలీలు కావాలి. హమాలీ లేకపోతే వాకిట్లో వంద బండ్లున్నా ఇంట్లో పస్తే. పైగా, తెల్లన్నం ఎంత ఎక్కువ తింటే హమాలీలు అంత ఎక్కువ కావాలి. వాళ్లను గిడ్డంగిలో పెట్టి తాళం వేసుకునేందుకూ లేదు. ఎక్కువ నాళ్లు ఉండరు, ఎప్పటికప్పుడు పిలుచుకోవాలి."

"వయసు కాదా మరి?" అని నేను అడిగాను. కాదన్న మాట రాబట్టుకుని పోదామనే వచ్చాను.

"వయసు కొంత ఉంటుందమ్మా. పెద్దయ్యేకొద్దీ ఒళ్లు హమాలీలను సరిగా పిలుచుకోలేదు. కానీ వయసుకు రావలసిన వాటా కంటే చాలా ఎక్కువ దాని ఖాతాలో రాస్తున్నారు మీరు."

సూది మందు తన దగ్గర ఉన్నంతవరకు వేశాడు. తర్వాతది పట్నం నుంచి రావాలి, యుద్ధం వల్ల ఎప్పుడొస్తుందో చెప్పలేనన్నాడు. అందాకా దంపుడు బియ్యం, కొర్రలు, ఉలవలు, వేరుశనగలు తినమన్నాడు. గంజి వార్చవద్దన్నాడు. "నరం మెల్లగా కోలుకుంటుంది. నెలలు పట్టొచ్చు. పూర్తిగా వస్తుందని మాట ఇవ్వను. ఇట్లనే తింటే మాత్రం తర్వాత గుండె పట్టుకుంటుంది" అని నాతో విడిగా చెప్పాడు.

తిరుగు రైలులో నాయన తేల్చేశాడు. "సూది వేసినాడు గదా. అది చాల్లే. నేను దంపుడు బియ్యం తిననే."

"ఎందుకు?"

"నేను అమ్మేది తెల్ల బియ్యం. ఇంట్లో తినేది ఎర్ర బియ్యం. ఈ సంగతి బజారుకు తెలిస్తే నా కుప్ప దగ్గర ఎవురు నిలబడతారే? శెట్టే తినని బియ్యం మాకెందుకంటారు."

ఉన్న మాట చెప్పాలంటే, ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. అందుకని వాదన మానేసి మోసానికి దిగాను. మరునాడు ఆయన అన్నంలో గుప్పెడు దంపుడు బియ్యం కలిపి వండించాను. గింజల వ్యాపారినే గింజల్లో మోసం చేయబోయిన తెలివి నాది. నాయన కంచంలో అన్నాన్ని వేలితో పరిచి, ఎర్ర గింజలన్నీ ఏరి కంచం అంచున వరసగా పెట్టాడు.

"ఇది నీ సరుకు. ఇది నా సరుకు" అని తన సరుకు తిని లేచాడు. లేవడానికి గోడ పట్టుకున్నాడు.

తవుడులో బెల్లం, వేయించిన వేరుశనగలు కలిపి ఉండలు చేశాను. "బర్రెకు పుట్టినరోజా?" అన్నాడు.

ఇంకోవైపు వడ్లు దంచే ఆమెతో గొడవ. ఊరి బయట పాలెం నుంచి వచ్చి దంచిపెట్టేది, నాకంటే పెద్దది, అక్కా అనేదాన్ని. మర బియ్యం రాకముందు 'ఇంకా తెల్లగా, ఇంకా తెల్లగా' అని ఆమె ప్రాణం తీసిన దాన్ని, ఇప్పుడు రోకలి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

"చాలక్కా, ఆపు. పొట్టు పోతే చాలు."

"ఇంకో నాలుగు పోట్లు వెయ్యనీ శెట్టెమ్మా. ఇది ముడిబియ్యం, చూడు."

"నాక్కావాల్సింది అదే."

"ఆదివారం ఏసు గుడికాడ మావోళ్లు అడిగితే ఏం చెప్పుకోవాల? శెట్టి ఇంటికి ముడిబియ్యం ఇచ్చినానని చెప్పుకోవాల్నా? నా చేతికి చెడ్డపేరు గదమ్మా."

"నేనే అడిగినానని చెప్పు."

"నువ్వు అడిగినావంటే ఎవురు నమ్ముతారు? ఊరంతా నీ సంగతి తెలుసు."

నేను లోపలికి పోయి వచ్చేసరికి ఇంకో నాలుగు పోట్లు వేసేసింది, నా మీద ప్రేమతోనే. ఆ రోజు నుంచి ఆమె దంచినంతసేపూ రోలు పక్కనే కూర్చున్నాను.

అమ్మతో బేరం ఇంకా కష్టం. నీళ్లు తేటగా వచ్చేదాకా బియ్యం కడగడం అమ్మకు మర్యాద. ఒక్కసారి కడిగి, గంజి ఇగిరేలా వండమంటే, "ముద్దన్నం మీ నాయన ముందర పెట్టేదానికి నాకు చేతులు రావు" అంది. నాయన గొంతుక్కూర్చుని లేవలేకపోయిన సంగతి అప్పుడు చెప్పాను. అంతవరకు చెప్పలేదు. అమ్మ చేట పక్కన పెట్టింది. ఆ పూట నుంచి గంజి వార్చలేదు. కడుగు, గంజి రెండూ తగ్గేసరికి గేదె అలిగి పాలు తగ్గించింది. ఇంటిల్లిపాదిలో అంతవరకు సరైన భోజనం చేసింది అదొక్కటే కదా.

నాయన మాత్రం లొంగలేదు. అన్నం ముద్దగా ఉందని తిట్టుకుంటూ తిన్నాడు కానీ, బియ్యం తన మర బియ్యమే ఉండాలన్నాడు. దుకాణంలో గద్దె మీద నుంచి లేవడానికి గుమాస్తా చెయ్యి పట్టుకోవడం మొదలైంది. బెల్లం మామ నన్ను పక్కకు పిలిచి, "ఇంక వదిలెయ్యమ్మే, పెద్దాయన్ను ఎందుకు సతాయిస్తావు" అన్నాడు. వదలనన్నాను.

ఒక సాయంత్రం దుకాణంలో కూర్చుని చూస్తున్నాను. పొదిలి వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన బేరమాడి, కొలిపించుకుని, అంతా అయ్యాక దోసిలి పట్టాడు. నాయన చూడకుండానే కుప్పలోంచి పిడికెడు బియ్యం తీసి ఆ దోసిట్లో వేశాడు. కొసరు. కొలత ముగిశాక అడిగేది, లెక్కలోకి రానిది. కొసరు అడిగిన చేతిని ఖాళీగా పంపిన కోమటి అని అనిపించుకోవడం కంటే దుకాణం మూసుకోవడం మేలనుకునే మనిషి మా నాయన.

ఆ పూట ఆయన అన్నం తినడం అయ్యేదాకా ఆగాను. చెయ్యి కడగబోతుంటే ఎదురుగా కూర్చుని దోసిలి పట్టాను.

"ఏందే ఇది?"

"బేరం తెగింది నాయనా. నీ మాటే నెగ్గింది, నీ బియ్యమే తిన్నావు. ఇంక నాకు కొసరు ఇయ్యి."

"ఏం కొసరు?"

"ఒక్క ముద్ద. నా బియ్యంది, ఉలవచారుతో. నువ్వు తినాల."

నాయన నా చేతుల వైపు చూశాడు. అమ్మ వైపు చూశాడు. అమ్మ పైకప్పు చూస్తోంది.

"కొసరు లేదు పో అను నాయనా, పోతాను."

"నా విద్యతో నన్నే కొట్టేదాన్ని కన్నాను గదే!" అన్నాడు. కానీ తిన్నాడు. తిని, "వీధి తలుపు వేసినారా?" అని అడిగాడు.

మరునాడు మళ్లీ దోసిలి. నిన్నటి ముద్ద చిన్నదని ఇంకోటి. కొసరు మీద కొసరు అడగడం మా బజారులో ఆడవాళ్ల హక్కు. ఆయన కూడా ఊరికే ఇవ్వలేదు. వీధి తలుపు వెయ్యాలన్నాడు, తవుడు ఉండల్లో బెల్లం పెంచాలన్నాడు, బెల్లం మామకు తెలియకూడదన్నాడు. అన్నిటికీ ఒప్పుకున్నాను. పోను పోను కంచంలో తెల్లన్నం తగ్గింది, ముద్దలు పెరిగాయి. కొలత కంటే కొసరు పెద్దదైన బేరం నా జన్మలో అదొక్కటే.

చాలా రోజులు ఏమీ జరగలేదు. రోజూ పాదం నొక్కేదాన్ని. రోజూ, "దూదే" అనేవాడు. పట్నం నుంచి సూది మందు వచ్చిందని కబురొస్తే మళ్లీ గిద్దలూరు తీసుకుపోయాను. అందుకని నాయన కాళ్లకు జరిగినదాంట్లో సూదుల వాటా ఎంతో, నా ముద్దల వాటా ఎంతో నేను తేల్చలేను. బజారులో మాత్రం మొత్తం నాదేనని చెప్పుకున్నాను. మా ఇంట్లో కూడా పిల్లలకు అదే బియ్యం మొదలుపెట్టాను. కాళ్లు పోయాక గిద్దలూరు రైలెక్కడం కంటే ముందే కంచం మార్చుకోవడం సులువని నాకు తెలిసొచ్చింది. మా ఆయన రెండు రోజులు మూతి ముడుచుకుని మూడో రోజు మారు వడ్డించమన్నాడు.

చలికాలం వచ్చేసరికి నాయన గుమాస్తా చెయ్యి పట్టుకోకుండా గద్దె దిగడం చూశాను. ఏమీ అనలేదు. అంటే బేరం చెడుతుందేమోనని భయం.

ఆ తర్వాత ఒకనాడు దుకాణంలో ఉప్పు కొలిపించుకుంటున్నాను. పక్క దుకాణానికి వచ్చిన పలకల పెట్టెలు ఎవరో మా మెట్ల మీద దించిపోయారు. నాయన గద్దె దిగి బయటికి వస్తూ పెట్టె మూలకు బొటనవేలు కొట్టుకున్నాడు.

"అబ్బా! ఎవుడ్రా ఈడ దించినోడు! కండ్లు కనపడవా!"

వీధి అదిరేలా అరిచాడు. నేను ఉప్పు అక్కడే పారబోసి మెట్ల మీద ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాను.

"నొప్పి పుడుతోందా నాయనా?"

"పుట్టక? కాలు గాక కట్టె అనుకున్నావా ఏందే?"

బొటనవేలు పట్టుకుని నొక్కాను. అరిచాడు. ఇంకోసారి నొక్కాను. ఇంకా గట్టిగా అరిచాడు. బెల్లం మామ పరుగెత్తుకొచ్చి, "ఆయన్ను చంపుతావంటమ్మే?" అన్నాడు.

నేను ఆ పాదం వదిలి, రెండోది కూడా ఇటు పెట్టమన్నాను.