పెంచలయ్య మామను ఓడించిన ఒక్క ఓటు

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. పెంచలయ్య మామ ఇక లేరట.

తొంభై ఆరేళ్ళ మనిషి. అయినా నమ్మబుద్ధి కాలేదు. 

మన వాళ్ళందరికీ ఆయన "తన ఓటు తానే వేసుకోలేని ప్రెసిడెంటు". అరవై ఏళ్ళ జోక్ అది. నేనూ నవ్వాను.

ఈరోజు అసలు సంగతి చెప్పాలి.

అరవైల్లో మామ మా పంచాయతీ సమితి ప్రెసిడెంటు. సముద్రం ఒడ్డు ఊళ్ళకు బడులు తెచ్చిన మనిషి. టీచర్ల ట్రాన్స్‌ఫర్లు కూడా ఆయన చేతిలోనే ఉండేవి. మా అమ్మ జువ్వలదిన్నె దగ్గర టీచర్. ఇంటికి దగ్గరగా వేయించమని నాన్న రెండుసార్లు అడిగారు. నాన్నా, మామా ప్రాణస్నేహితులు.

"అక్కకంటే ముందు అడిగినోళ్ళు ఉండారు బావా" అన్నారు మామ.

తర్వాతి ఎన్నికలో మామ ఒక్క ఓటుతో ఓడిపోయారు. ఓటు వేసింది సర్పంచులే. నాన్న మా ఊరికి, మామ తన ఊరికి సర్పంచులు.

అనుమానం మాత్రం పక్క ఊరి సర్పంచ్ మస్తాన్ గారి మీద పడింది. మా వీధిలో ఆయనకు బట్టల కొట్టు ఉండేది. సాయంత్రానికి మామ మనుషులు కర్రలతో కొట్టును చుట్టుముట్టారు. లోపల మస్తాన్ గారు, ఆయన భార్య. ఎవరో కిరోసిన్ డబ్బా తెచ్చారు.

మా గుమ్మంలో నాన్న, నేను. నాన్న ఒక్క మాట మాట్లాడలేదు.

మామ పరుగెత్తుకుంటూ వచ్చి డబ్బా లాక్కున్నారు.

"మస్తానన్నని ఏమీ అనబాకండి. ఆ ఓటు నాదే. కళ్ళద్దాలు మర్చిపొయ్యి పోయినా. ముద్ర అవతలోడి పేరు మీద పడింది."

 గుంపులో ఎవరో పకపకా నవ్వారు. కర్రలు దిగాయి.

మామ ఒక్కసారి మా గుమ్మం వైపు చూశారు. నాన్న తల దించుకున్నారు.

నెల తిరక్కుండా, గెలిచినాయన సంతకంతో, అమ్మకు ఇంటి దగ్గరికి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది.

అవును. ఆ ఓటు మా నాన్నది.

మామ మళ్ళీ పోటీ చేయలేదు. సొంత ఓటు వేసుకోలేనివాడికి టికెట్ ఎవరిస్తారు? అరుగు మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళకు అర్జీలు రాసిపెట్టేవారు, ఎగతాళి చేసినవాళ్ళకు కూడా. నాన్నను మాత్రం ఎప్పటిలాగే "ఏం బావా" అని పలకరించేవారు. ఆ పిలుపు విన్న రోజు నాన్నకు అన్నం సహించేది కాదు.

నాన్న పోయేముందు నాకు ఈ సంగతి చెప్పారు. "వాడితో ఒక మాట అనాల్సింది" అన్నారు. అనలేకపోయారు.

నేనూ అనలేదు. ఫోన్ చేసి "భోంచేశారా మామా" అని అడిగి పెట్టేసేదాన్ని. సిగ్గుగా ఉంది.

నాన్న తరఫున, నా తరఫున క్షమించండి మామా. ఈ పోస్ట్ మన వాళ్ళంతా చదవాలి, మస్తాన్ గారి పిల్లలు కూడా.

ప్రశాంతంగా పడుకోండి. ఇక మిమ్మల్ని చూసి ఎవరూ నవ్వరు.